మూలకు పడ్డ బ్యాంకు ఖాతాను మళ్లీ నడిపించుకోవడం ఎలా?

"సార్, నా పైసలున్నయా? పోయినయా?"

నల్లగొండ, పాలమూరు జిల్లాల బ్రాంచీల్లో 27 ఏళ్లు కౌంటర్ వెనక కూర్చున్నాను. పాత పాస్‌బుక్కు పట్టుకుని వచ్చినవాళ్లు అడిగే మొదటి మాట ఇదే. కొంగుముడి విప్పి పాస్‌బుక్కు తీసే అవ్వలు అడిగారు. పుణె నుంచి దసరాకు ఊరొచ్చి, తెల్లారితే మళ్లీ బస్సెక్కాల్సిన మేస్త్రీలు అడిగారు. నాయన పోయాక పెట్టె సర్దుతుంటే దొరికిందని తెచ్చిన పిల్లలూ అడిగారు.

జవాబు ముందే చెప్తాను. పైసలు పోలేదు. పదేళ్లు ముట్టకపోయినా పోవు, ఇరవై ఏళ్లయినా పోవు. తెగిపోయేది ఆ డబ్బుకూ మీకూ మధ్య ఉన్న దారం. ఎప్పుడో పారేసిన సిమ్ నంబరు, పేరు మారిన బ్యాంకు, ఆధార్‌లో ఒకలా పాస్‌బుక్కులో ఒకలా ఉన్న మీ పేరు, అరిగిపోయిన వేలిముద్ర: దారం తెగేది వీటి దగ్గర. దాన్ని మళ్లీ ముడేసుకోవడమే ఇక్కడ చెప్పబోయే పని. ఖాతాదారు బతికి ఉండగా ఇది నాలుగు కాగితాలతో, మూడు రోజుల్లో తీరుతుంది. మనిషి పోయాక, నామినీ పేరు లేకపోతే, వారసులందరి సంతకాలూ కావాలి. కాబట్టి మీ ఖాతా సంగతి తర్వాత, ముందు ఇంట్లో ముసలివాళ్ల పాస్‌బుక్కులు బయటికి తీయండి.

ముందు, ఖాతా ఎందుకు ఆగిందో తెలుసుకోండి

ఊళ్లో అందరూ "ఖాతా బంద్ అయింది" అనే అంటారు. ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులున్నాయి. దేని మందు దానిదే. బ్యాంకుకు వెళ్లగానే "నా ఖాతా ఇన్‌ఆపరేటివ్‌లో ఉందా, కేవైసీ పెండింగ్ ఉందా, లేక హోల్డ్ పెట్టిండ్రా?" అని ఇదే వరసలో అడగండి. సగం తిరుగుళ్లు తప్పుతాయి.

ఇన్‌ఆపరేటివ్ అంటే మీరు రెండేళ్లకు పైగా ఖాతాను ముట్టలేదని. డార్మెంట్ అని కూడా అంటారు. మీరు ముట్టడం అనేది ఇక్కడ ముఖ్యం. బ్యాంకు తనంతట తాను వేసిన వడ్డీ, కోసుకున్న ఎస్సెమ్మెస్ చార్జీ లెక్కలోకి రావు. పాస్‌బుక్కు ప్రింట్ చేయిస్తే మూడు నెలలకోసారి వడ్డీ పద్దు కనిపిస్తుంది. అది చూసి ఖాతా నడుస్తోందని చాలామంది అనుకుంటారు, కానీ నడుస్తున్నట్టు కాదు. మీరు వేసిన డబ్బు, తీసిన డబ్బు, మీ మాట మీద ఇంకొకరు పంపిన డబ్బు లెక్కలోకి వస్తాయి. ఏటీఎంలో మీరు పెట్టుకున్న రిక్వెస్టు, బ్యాంకు మొబైల్ యాప్‌లో లాగిన్ కావడం, కేవైసీ కొత్తగా ఇవ్వడం కూడా లెక్కే. ఒకే బ్యాంకులో రెండు ఖాతాలుంటే దేనికి దాన్నే చూస్తారు. ఒకటి రోజూ వాడుతున్నారని రెండోది మేలుకొని ఉండదు.

కేవైసీ పెండింగ్ వేరే సంగతి. ఖాతా వాడుతున్నా సరే, గుర్తింపు, చిరునామా కాగితాలు గడువులోగా మళ్లీ ఇవ్వాలి. మామూలు పొదుపు ఖాతాలన్నీ దాదాపు తక్కువ రిస్కు కిందకే వస్తాయి, వాటికి ఈ గడువు పదేళ్లు. జన్‌ధన్ ఖాతాలు మొదలైంది 2014 ఆగస్టు 28న. అప్పుడు ఊరూరా తెరిచిన ఖాతాలకు 2024 నుంచి పదేళ్లు నిండుతూ వచ్చాయి. అందుకే 2025 జూలై నుంచి సెప్టెంబరు దాకా గ్రామ పంచాయతీల్లో కేవైసీ క్యాంపులు పెట్టారు. అప్పుడు వలసలో ఉండి వెళ్లలేకపోయినవాళ్లు ఇప్పుడు బ్రాంచిలో ఇవ్వాలి.

మూడోది హోల్డ్. పాత అప్పు బాకీ, కోర్టు ఉత్తర్వు, సైబర్ నేరం ఫిర్యాదులో పోలీసులు పంపిన నోటీసు ఇలాంటివాటితో ఖాతాను ఆపుతారు. దీనికి కేవైసీ ఎన్నిసార్లు ఇచ్చినా లాభం లేదు. హోల్డ్ ఎవరు పెట్టించారో, ఏ నంబరు ఉత్తర్వో రాసి ఇమ్మని అడిగి, అక్కడికి వెళ్లాలి.

రైతు భరోసా పడలేదనో, స్కాలర్‌షిప్ రాలేదనో వచ్చేవాళ్లకు ఇంకో మాట. పథకాల డబ్బు కోసం, ఉపకార వేతనాల కోసం తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాలను రెండేళ్లు వాడలేదన్న ఒక్క కారణంతో ఇన్‌ఆపరేటివ్ చేయకూడదు. రిజర్వు బ్యాంకు 2024 జనవరి 1న ఇచ్చిన ఆదేశాల్లో ఈ మాట ఉంది, అదే ఏడు ఏప్రిల్ 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అయినా చాలాసార్లు అసలు తికమక వేరేచోట ఉంటుంది. ఆధార్ మీద వచ్చే డబ్బు మీరు చివరగా ఆధార్ జోడించిన బ్యాంకుకే వెళ్తుంది. ఎవరో స్టాల్ పెట్టి ఫోన్‌లో కొత్త ఖాతా తెరిపించి ఉంటారు, ఆధార్ అక్కడికి మారిపోయి ఉంటుంది. మైఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. డబ్బు పడలేదని పాత బ్యాంకులో గొడవపడే ముందు అది చూసుకోండి.

మీ బ్యాంకు ఇప్పుడు ఏ పేరుతో ఉంది?

ఇది మన జిల్లాల్లో పెద్ద చిక్కు, కాబట్టి కొంచెం నెమ్మదిగా చెప్తాను.

నల్లగొండ, ఖమ్మం వైపు పాత పాస్‌బుక్కుల మీద నాగార్జున గ్రామీణ బ్యాంకు అని ఉంటుంది. పాలమూరు వైపు సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు అని ఉంటుంది. ఆ రెండూ 2006లో మరికొన్ని గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయ్యాయి. దాన్ని మనవాళ్లు నోటికి తేలిగ్గా ఏపీజీవీబీ అంటారు. దాని తెలంగాణ బ్రాంచీలన్నీ 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. అంటే తాత తెరిచిన ఒక్క ఖాతా మూడు పేర్లు చూసింది. బోర్డు మారిందని ఖాతా పోయిందనుకుని పాస్‌బుక్కును పొయ్యిలో వేసిన కుటుంబం నాకు తెలుసు. ఆ ఖాతా అప్పటికీ కంప్యూటర్‌లో ఉంది, వడ్డీతో సహా.

స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. విజయా బ్యాంకు అంతకు ఏడాది ముందే, 2019 ఏప్రిల్ 1న, బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసిపోయింది. ఇలా కలిసినచోట్ల ఒకే వీధిలో రెండు బ్రాంచీలుంటే ఒకటి మూసేయడమూ జరిగింది. మీ బ్రాంచి కనబడకపోతే ఆ బ్యాంకు ఇప్పటి ఏ బ్రాంచిలోనైనా పాస్‌బుక్కు చూపండి, ఏ బ్రాంచి కిందకు మార్చారో చెప్తారు. పాత పాస్‌బుక్కు మీద ఉన్న ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మాత్రం ఇప్పుడు ఎవరికీ ఇవ్వకండి, కొత్తది రాయించుకోండి.

జిల్లాలు కూడా మారాయి. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ మూడు జిల్లాలయింది. పాత మహబూబ్‌నగర్ నాలుగయింది, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట విడిపోయాక ఐదు. బ్యాంకు రికార్డులో మీది మహబూబ్‌నగర్ జిల్లా అని, ఆధార్‌లో వనపర్తి అనో నాగర్‌కర్నూల్ అనో ఉంటే చిరునామా కలవట్లేదని వెనక్కి పంపుతారు. అదే ఊరు, అదే ఇల్లు, జిల్లా పేరు మాత్రమే మారిందని దరఖాస్తులోనే ఒక వాక్యం రాసేయండి.

పాస్‌బుక్కే దొరక్కపోతే? పాత ఏటీఎం కార్డు, చెక్కు తునక, ఫిక్స్‌డ్ డిపాజిట్ బాండు, పంట రుణం కాగితం, అప్పు తీర్చినప్పుడు ఇచ్చిన నో డ్యూ సర్టిఫికెట్, వీటిలో ఏది దొరికినా ఖాతా జాడ ఉంటుంది. ఏదీ లేకపోతే ఆధార్ పట్టుకుని వెళ్లి పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు చెప్పి వెతకమనండి. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి చూడమనండి. లక్ష్మమ్మ అన్న పేరును ఇంగ్లిష్‌లో ఎక్స్ పెట్టి రాసినవాళ్లున్నారు, కేఎస్‌హెచ్ పెట్టి రాసినవాళ్లున్నారు. రెండూ చూపించమనండి. విసుక్కున్నా సరే అడగండి. కంప్యూటర్‌కు అక్షరం మారితే మనిషే మారిపోతుంది.

పోస్టాఫీసు ఖాతాలకు ఈ బ్యాంకు నియమాలు వర్తించవు. అక్కడ వరసగా మూడు ఆర్థిక సంవత్సరాలు లావాదేవీ లేకపోతే సైలెంట్ ఖాతా అంటారు. పాస్‌బుక్కు, కేవైసీ కాగితాలతో అక్కడే దరఖాస్తు ఇచ్చి నడిపించుకోవాలి. ఉపాధి హామీ కూలి కోసం పోస్టాఫీసులో తెరిచి వదిలేసిన ఖాతా ఉంటే అదీ గుర్తుపెట్టుకోండి.

ఏం పట్టుకెళ్లాలి?

పాస్‌బుక్కు, ఆధార్, ప్యాన్ కార్డు, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఇప్పుడు మీ చేతిలో పనిచేస్తున్న ఫోన్. ప్యాన్ లేకపోతే ఫారం 60 అని అందరూ పిలిచే ప్రకటన కాగితం బ్యాంకులోనే ఇస్తారు, నింపి ఇస్తే చాలు. ఆధార్‌లో ఏదైనా తేడా ఉంటే ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు కూడా చెల్లుతాయి. అధికారి సంతకం ఉన్న ఉపాధి హామీ జాబ్‌కార్డు కూడా కేవైసీకి చెల్లే పత్రమే. ఈ సంగతి కొత్తగా చేరిన క్లర్కులకు కొందరికి తెలియదు. మర్యాదగా చెప్పండి, మేనేజర్‌ను అడిగి చూడమనండి. జిరాక్సులన్నిటి మీద సంతకం పెట్టి, పక్కన తేదీ, "ఖాతా కేవైసీ కోసం మాత్రమే" అని రాయండి. ఆ జిరాక్సు ఇంకోచోట వాడకుండా అదొక అడ్డుకట్ట.

వేలిముద్ర గురించి చెప్పాలి. దేవరకొండ వైపు తండా నుంచి ఒకామె వచ్చేది. భర్తతో కలిసి ముప్పై ఏళ్లు డ్యాముల మీద రాళ్లు మోసిన మనిషి. మిషన్ మీద పది వేళ్లూ పెట్టినా ఒక్కటీ పడలేదు. ఒక బ్యాంకులో ఆమెను మూడుసార్లు వెనక్కి పంపారు. నాలుగోసారి బయట ఓ మధ్యవర్తికి 500 రూపాయలిచ్చి వచ్చింది. ఆ ఐదు వందలు ఆమెకు ఎన్ని రోజుల కూలో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది. వేలిముద్ర పడకపోవడం ఖాతాదారు తప్పు కాదు, ఖాతా ఆపడానికి అది కారణమూ కాదు. ఆధార్‌కు జోడించిన ఫోన్‌కు ఓటీపీ తెప్పించవచ్చు. కాగితాల జిరాక్సులు తీసుకుని, అసలువాటితో పోల్చి చూసి, సాక్షి ముందు కాగితం మీద వేలిముద్ర వేయించుకోవచ్చు. ఆ దారి చూపమని అడగండి.

మంచం మీద ఉన్న పెద్దవాళ్లను ఆటోలో ఎక్కించి తీసుకురాకండి. 70 ఏళ్లు దాటినవాళ్లకు, కదలలేనివాళ్లకు ఇంటి దగ్గరే సేవ అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది. ఇంటి నుంచి ఒకరు వెళ్లి మేనేజర్‌కు కాగితం రాసిస్తే బ్యాంకు మనిషో, ఊళ్లో వేలిముద్ర మిషన్ పెట్టుకుని డబ్బులిచ్చే బ్యాంక్ మిత్రో ఇంటికి వస్తారు.

కౌంటర్ దగ్గర

నోటిమాటగా అడిగి రాకండి. తెల్లకాగితం మీద రాసివ్వండి. కొన్ని బ్యాంకుల్లో దీనికి ఫారం ఉంటుంది, ఉంటే అదీ నింపండి. కాగితం ఇలా ఉంటే చాలు:

"బ్రాంచి మేనేజర్ గారికి,
నా పొదుపు ఖాతా నంబరు ఫలానా. కొంతకాలంగా వాడకపోవడం వల్ల ఇన్‌ఆపరేటివ్ అయిందని చెప్పారు. పని కోసం వేరే ఊళ్లో ఉండటం వల్ల వాడలేకపోయాను. కేవైసీ పత్రాల నకళ్లు జతచేశాను. ఖాతాను తిరిగి నడిపించగలరు. నా ఇప్పటి ఫోన్ నంబరు, చిరునామా కింద ఇచ్చాను, ఖాతాలో వాటిని మార్చగలరు. నామినీ పేరు నమోదై లేకపోతే నమోదు చేసుకోగలరు.
తేదీ, సంతకం లేక వేలిముద్ర."

రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. ఈ ముద్ర అడగడానికే మనవాళ్లు జంకుతారు. "సారు ఏమనుకుంటడో" అంటారు. ఏమీ అనుకోరు. పూర్తి కాగితాలు అందిన రోజు నుంచి మూడు పనిదినాల్లో ఖాతాను నడిపించాలన్నది నియమం. ఆ మూడు రోజులు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పగలిగేది ఆ ముద్ర ఒక్కటే.

నడిపించినందుకు చార్జీ లేదు. ఒక్క రూపాయి కూడా లేదు. ఇన్‌ఆపరేటివ్‌లో ఉన్న కాలానికి మినిమమ్ బ్యాలెన్సు లేదని జరిమానా వేయకూడదు. పొదుపు ఖాతా అయితే ఆ కాలానికి కూడా వడ్డీ వేస్తూనే ఉండాలి. స్టేట్‌మెంట్ తీయించి ఈ రెండూ చూసుకోండి. అయితే ఖాతా ఇన్‌ఆపరేటివ్ కాకముందు రెండేళ్లలో కోసిన చార్జీల వల్ల నిల్వ తగ్గి ఉండొచ్చు. మళ్లీ అలా కాకుండా, కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని అదే రోజు అడగవచ్చు.

బొంబాయిలోనో హైదరాబాద్‌లోనో పనిచేస్తూ మక్తల్, కోస్గి, అచ్చంపేట బ్రాంచీల్లో ఖాతా ఉన్నవాళ్లకు ఇప్పుడు పని సులువైంది. ఖాతా తెరిచిన బ్రాంచికే రావాలన్న పట్టు పోయింది. అదే బ్యాంకు ఏ బ్రాంచిలోనైనా కేవైసీ ఇచ్చి ఖాతాను మేలుకొలపవచ్చు. బ్యాంకు ఆ సౌకర్యం పెట్టి ఉంటే వీడియో కాల్‌లోనూ చేస్తారు. బ్యాంక్ మిత్రల ద్వారా కూడా చేయించుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో చెప్పింది. భివండిలో మగ్గం మీద ఉన్నాయన రెండు రోజుల కూలి వదిలి నల్లగొండ దాకా రావాల్సిన పని లేదు.

ఖాతా నడుస్తోందని మెసేజ్ వచ్చిన వెంటనే ఒక చిన్న లావాదేవీ చేయండి. వంద రూపాయలు వేసి, మరునాడు యాభై తీయండి. కంప్యూటర్‌లో ఆక్టివ్ అని కనబడటం వేరు, చేతికి డబ్బు రావడం వేరు. అన్నేళ్లు నిద్రపోయిన ఖాతా మేలుకున్నాక కనీసం ఆరు నెలలు బ్యాంకు దానిమీద కన్నేసి ఉంచుతుంది. కాబట్టి మొదటి వారంలోనే తెలియనివాళ్ల డబ్బు ఆ ఖాతాలో వేయించుకోకండి, కమిషన్ ఇస్తామన్నా సరే.

ఇక్కడే ఒక హెచ్చరిక. "మీ ఖాతా బంద్ అయింది, ఈ లింకు నొక్కండి, ఈ యాప్ ఎక్కించుకోండి, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే అది బ్యాంకు కాదు. పాత ఖాతాల కోసం ఆత్రంగా వెతుక్కునేవాళ్లే ఈ మోసానికి తేలిగ్గా దొరుకుతారు. మీరు బ్రాంచికి వెళ్లండి, బ్రాంచి మీ ఫోన్‌లోకి రానక్కర్లేదు.

పదేళ్లు దాటితే

పదేళ్లు ముట్టని ఖాతాలోని డబ్బును, గడువు తీరి పదేళ్లయినా తీసుకోని ఫిక్స్‌డ్ డిపాజిట్లను బ్యాంకు రిజర్వు బ్యాంకు నిర్వహించే ఒక నిధికి పంపుతుంది. డిపాజిటర్ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ఫండ్ అంటారు, 2014లో పెట్టారు. 2024 మార్చి నెలాఖరుకు అందులో 78,213 కోట్ల రూపాయలు పోగయ్యాయి. ఆ కుప్పలో మన జిల్లాలవాళ్ల కష్టం ఎంతుందో అని నేను చాలాసార్లు అనుకున్నాను. భూసేకరణ పరిహారాన్ని ఫిక్స్‌డ్ చేసి మరిచిపోయినవాళ్లను, మేస్త్రి తెరిపించిన ఖాతా ఏ ఊళ్లో ఉందో తెలియనివాళ్లను నేను చూశాను.

నిధికి వెళ్లినా హక్కు మీదే. అడగాల్సింది రిజర్వు బ్యాంకును కాదు, మీ బ్యాంకునే. బ్యాంకు మీకు ఇచ్చి, తర్వాత నిధి నుంచి తాను రాబట్టుకుంటుంది. వడ్డీ వచ్చే ఖాతా అయితే నిధిలో ఉన్న కాలానికీ వడ్డీ ఇస్తారు. 2021 మే 11 నుంచి అది ఏడాదికి 3 శాతం సాధారణ వడ్డీ. అంటే 5,000 రూపాయలకు ఏటా 150.

ఎక్కడుందో వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 17న ఉద్గమ్ అనే పోర్టల్ తెచ్చింది. ఫోన్ నంబరుతో రిజిస్టర్ అయ్యి, ఖాతాదారు పేరు రాసి, బ్యాంకులను ఎంచుకోవాలి. ప్యాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు నంబర్లలో ఒకటి గానీ, పుట్టిన తేదీ గానీ ఇవ్వాలి. పుట్టిన తేదీ దగ్గర జాగ్రత్త. మన పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది, పాత బ్యాంకు రికార్డులో వేరే తేదీ ఉండొచ్చు. అందుకే ఓటరు కార్డు నంబరుతో కూడా వెతకండి. పేరు దొరికితే పక్కన ఒక రిఫరెన్సు నంబరు వస్తుంది. యూడీఆర్ఎన్ అంటారు దాన్ని. అది రాసుకుని బ్యాంకుకు వెళ్లండి. ఉద్గమ్ మీకు జాడ చెప్తుంది, డబ్బు ఇవ్వదు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఉద్గమ్‌లో కనిపించేవి నిధికి వెళ్లినవే, అంటే పదేళ్లు దాటినవే. మీ ఖాతా ఆగి ఐదేళ్లే అయితే అందులో కనబడదు. కనబడలేదని ఆశ వదలొద్దు, నేరుగా బ్రాంచికి వెళ్లండి. 2024 మార్చి నాటికి ఉద్గమ్‌లో 30 బ్యాంకులు చేరాయి. మీ బ్యాంకు అందులో లేకపోతే ఆ బ్యాంకు సొంత వెబ్‌సైట్‌లో ఎవరూ అడగని డిపాజిట్ల జాబితా ఉంటుంది. ప్రతి బ్యాంకూ ఆ జాబితా పెట్టాల్సిందే. పొదుపు సంఘాలు, యువజన సంఘాలు, గుడి కమిటీల పేరున ఉన్న ఖాతాలను కూడా ఉద్గమ్‌లో వెతకవచ్చు. సంఘం విడిపోయాక ఖాతాలో మిగిలిన డబ్బు గురించి ఆడవాళ్లు అడగడానికి మొహమాటపడతారు. అది పదిమంది నెలనెలా కూడబెట్టిన సొమ్ము, తప్పక అడగండి.

ఖాతాదారు పోయి ఉంటే

ముందుగా, వాళ్ల ఏటీఎం కార్డుతో డబ్బు తీయకండి. ఇంటి మనిషే అయినా తర్వాత అన్నదమ్ముల మధ్య అదే తగాదా అవుతుంది.

పంచాయతీ లేక మున్సిపాలిటీ ఇచ్చిన మరణ ధ్రువీకరణ పత్రం తీసుకోండి. నామినీ ఉంటే పని చిన్నది: క్లెయిమ్ ఫారం, మరణ పత్రం, నామినీ గుర్తింపు కార్డు. బతికున్నవారికి చెందుతుందని రాసిన జాయింట్ ఖాతాకూ అంతే. నామినీగా పేరున్నంత మాత్రాన డబ్బంతా ఆ ఒక్కరిదే కాదు. వారసులందరి తరఫున తీసుకునే మనిషి నామినీ. ఇది ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

నామినీ లేకపోతే వారసులందరూ కలిసి క్లెయిమ్ ఇవ్వాలి. డబ్బు ఒకరు తీసుకుంటే మిగతావాళ్లు అభ్యంతరం లేదని రాసివ్వాలి, హామీ పత్రం కూడా ఇవ్వాలి. మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఆఫీసు నుంచి వచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇక్కడ అక్కరకొస్తుంది. తగాదా లేకుండా, వీలునామా లేకుండా ఉండి, మొత్తం 15 లక్షల లోపు అయితే కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెమ్మని బ్యాంకు అడగకూడదు. సహకార బ్యాంకుల్లో ఈ పరిమితి 5 లక్షలు. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ ఒకే పద్ధతిగా ఇది చెప్పింది, 2026 మార్చి 31 లోపు అమలు చేయమంది. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే ఆలస్యమైన రోజులకు పరిహారం ఇవ్వాలి. కాబట్టి ఇక్కడ కూడా రసీదు ముద్ర వేయించుకోవడం మరవద్దు.

బ్యాంకు వినకపోతే

ముందు మేనేజర్‌కు, తర్వాత బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టవచ్చు, ఎలా పెట్టాలో 14448 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. ముద్ర వేయించుకున్న ఆ రెండో ప్రతి ఫొటో జతచేయండి.

చివరగా ఇంట్లో చేయాల్సిన పని

దసరాకో సంక్రాంతికో పిల్లలంతా ఊరొచ్చిన రోజు పాస్‌బుక్కులు, బాండ్లు అన్నీ చాప మీద పరవండి. ఒక తెల్లకాగితం మీద ఒక్కో ఖాతాకు ఒక్కో వరస రాయండి: ఎవరి పేరున, పాత బ్యాంకు పేరు, ఇప్పటి పేరు, బ్రాంచి, ఖాతా నంబరు, చివరి లావాదేవీ తేదీ, నామినీ, జోడించిన ఫోన్ నంబరు. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు మాత్రం రాయకండి. నామినీ గడి ఖాళీగా ఉన్న ఖాతాల పక్కన ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టండి. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. కొడుకుల పేర్లే కాదు, బిడ్డల పేర్లూ రాయించండి. అక్కర్లేని ఖాతా ఉంటే డబ్బు తీసి మూసేయండి. ఉంచుకునే ప్రతి ఖాతాలో ఏడాదికోసారి వందో రెండు వందలో వేయడమో తీయడమో చేసి, ఆ తేదీ ఇదే కాగితం మీద రాయండి. కాగితాన్ని ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచి, అసలు ప్రతిని పట్టా పాస్‌బుక్కులు ఉండే చోటే పెట్టండి.